1987 ఎక్స్‌పైరీ ఫోటో పేపర్ డబ్బా లైట్లో తెరిచేశా, కెమెరా లేకుండా అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలకి ఇంకా పనికొస్తుందా?

మసకకాగితం:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా పెదనాన్నకి ఫోటో స్టూడియో ఉండేది, మూతపడి చాలా ఏళ్లయింది, ఈమధ్య అటక సర్దుతుంటే ఆయన సామాన్లలో రెండు దొరికాయి. ఒకటి ఫైబర్ బేస్ (ప్లాస్టిక్ పొర లేని కాగితం) బ్లాక్ అండ్ వైట్ పేపరు, 8×10 అంగుళాల సైజు, వంద షీట్ల డబ్బా, గ్రేడ్ 2 (కాంట్రాస్ట్ నంబరు), పక్కన 1987 అని ఎక్స్‌పైరీ గుద్ది ఉంది. ఆయన కొంత వాడేసినట్టున్నారు కానీ డబ్బా ఇంకా బరువుగానే ఉంది. రెండోది ఆర్‌సీ పేపరు (ప్లాస్టిక్ పొర ఉన్నది), 5×7, పాతిక షీట్ల కవరు, 1994ది, దీని సీలు కూడా తీయలేదు.

నా దగ్గర ఫిలిం కెమెరా లేదు, ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ని పెద్దది చేసి పేపరు మీద వేసే మిషను) ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది. అసలు ఫోటోలు తీయాలని కూడా లేదు నాకు. నేరుగా పేపరు మీదే మరకలు, గీతలు, రంగులు అలా ఏ వస్తువూ కాని బొమ్మలు చేస్తారు కదా, ఎండతో చేసేవి ల్యూమెన్ ప్రింట్లు, కెమికల్స్‌తో చేసేవి కెమిగ్రాములు అంటున్నారు, అవి చూసినప్పట్నుంచీ మనసు అటే లాగుతోంది. ఆకులూ పూలూ పెట్టి వాటి అచ్చు తీసే రకం కాదు, పూర్తిగా అబ్‌స్ట్రాక్ట్.

ఇప్పుడు అసలు సంగతి. తొందరలో ఫైబర్ డబ్బా ట్యూబ్‌లైటు కిందే మూత తీసేశా. లోపల నల్ల కవరుంటే అది కూడా విప్పా, తెల్లటి పేపరు కనపడగానే గుర్తొచ్చి గబుక్కున మూసేశా, ఓ పది సెకన్లు అయ్యుంటుంది. పెదనాన్న ఉండుంటే వీపు విమానం మోత మోగేది. పై షీటు ఎలాగూ పోయిందని దాన్ని తీసి కిటికీ దగ్గర పెడితే సాయంత్రానికి లేత ఊదా, మర్నాటికి ఇటుక రంగు. డెవలపర్ (బొమ్మని బయటికి తెచ్చే కెమికల్) లేదు ఏమీ లేదు, ఊరికే పెట్టినందుకే రంగొచ్చింది!

నా డౌట్లు ఏంటంటే, డబ్బా మొత్తం పోయినట్టేనా? డార్క్‌రూమ్ లేకుండా ఎంతవరకు చేయొచ్చు? కెమికల్స్ ఏమేం కావాలి? ఆ ఊదా రంగుని అలాగే ఆపేయడం కుదురుతుందా? ఈ చివరిదే నాకు చాలా ముఖ్యం.


హైపోవాసన:

ఇరవై ఏళ్లు డార్క్‌రూమ్‌ల ఫోటోలు కడిగినోణ్ణి, వయసుల పెద్దోణ్ణే అయ్యుంటా, అందుకే నువ్వు అంటున్న, ఏమనుకోకు.

ముందు భయపడకు. కట్టగా ఉన్న పేపర్ల మీద లైటు పడితే ఎక్కువగా పైదే పోతది. కింద ఉన్నయి ఒకదానికి ఒకటి అడ్డం ఉంటయి గదా, మహా అంటే అంచుల పొంట ఒక గీత లెక్క నల్లగైతది. నువ్వు అబ్‌స్ట్రాక్ట్ అంటున్నవు కాబట్టి ఆ గీత కూడా నీకు పనికొచ్చేదే.

కానీ పేపరు అసలు ఏ స్థితిల ఉందో తెల్సుకోకుండా ఏదీ మొదలుపెట్టకు. చీకట్ల, అంటే పేపరుని ఖరాబు చెయ్యని ఎర్ర సేఫ్‌లైటు కింద, ఒక షీటు తీసి మూడు పట్టీలు కత్తిరించు. మొదటిది డెవలపర్ చూపియ్యకుండ డైరెక్టు ఫిక్సర్‌ల, అంటే మిగిలిన వెండి ఉప్పుని తీసేసి బొమ్మని నిలబెట్టే కెమికల్‌ల, వెయ్యి, అదే నీ పేపరు అసలు తెలుపు. రెండోది లైటు తగలకుండనే డెవలపర్‌ల రెండు నిమిషాలు పెట్టి తర్వాత ఫిక్సర్. మూడోది బయటికి తీసి మామూలు లైటు చూపిచ్చి డెవలపర్, ఫిక్సర్. మూడూ పక్కపక్కన పెట్టి చూడు. రెండోది మొదటిదాని లెక్క తెల్లగ ఉంటే నీకు లాటరీ తగిలినట్టే. బూడిద రంగుకి వస్తే అది ఫాగ్. ముప్పై నలభై ఏండ్లు వేడికి, తేమకి, గాలికి ఉన్నది గదా, లైటు తగలకున్నా లోపలి వెండి ఉప్పు తనంతట తాను డెవలప్ కాడానికి రెడీ అయి కూసుంటది. మూడోది కారునలుపు రాకుండ మురికి బూడిద దగ్గరనే ఆగిపోతే ఎమల్షన్, అంటే పేపరు మీద వెండి ఉప్పున్న పూత, బలం తగ్గిందని అర్థం, అది కెమిగ్రాముకి అంత బాగుండదు, ఎండ ప్రింట్లకి వాడుకో.

తెలుపు కావాలంటే డెవలపర్‌ల బెంజోట్రయజోల్ కలుపుతరు, 1 శాతం ద్రావణం లీటరుకి 10 నుంచి 20 మి.లీ. దాంక, ఫాగ్ కొంత అణుగుతది. నీ పనికి అది అక్కరలేదు అనుకుంట.

ఎర్ర బల్బు అని దొరికినయన్నీ సేఫ్ కాదు. రంగు పూసిన సాదా బల్బులు మోసం చేస్తయి. పేపరు మీద నాణెం పెట్టి ఆ లైటు కింద ఐదు నిమిషాలు వదిలి డెవలప్ చెయ్యి, నాణెం గుండ్రం కనపడ్డదంటే బల్బు మార్చుడే.

ఇంకో మాట. మెటాల్, హైడ్రోక్వినోన్ ఉన్న డెవలపర్‌ల వట్టి చేతులు పెట్టకు. మేం అప్పట్ల గ్లౌజులు ఎరుగం, నా వేళ్లు ఇప్పటికీ చలికాలం పగుల్తయి. వంటింటి గిన్నెలు, గంటెలు అస్సలు వాడకు, వాడితే మళ్లీ వంటింట్లోకి తేకు.


ఎండలోగాజు:

హాయ్! ఆ ఊదా నుంచి ఇటుక రంగు చూసి మీరు ఎంత ఎక్సైట్ అయ్యుంటారో నాకు తెలుసు, నేనూ అక్కడే ఇరుక్కుపోయాను, బయటికి రాలేదు ఇంకా :)

మీరు తెలియకుండానే చేసేసింది ల్యూమెన్ ప్రింటేనండి. మామూలు ప్రింటులో లైటు పని కంటికి కనపడదు, డెవలపర్ వచ్చి దాన్ని బయటికి లాగుతుంది, ఇక్కడ అలా కాదు, ఎండలో ఉన్న అల్ట్రావయొలెట్‌కి ఆ వెండి ఉప్పు నేరుగా పగిలి వెండి అయిపోతుంది. ఆ వెండి రేణువులు ఎంత సన్నగా ఉంటాయంటే వాటి సైజుని బట్టే రంగు, గులాబీ, ఊదా, నారింజ, ఇటుక, చాక్లెట్ ఇవన్నీ ఆ సైజు తేడాలే, ఎక్కడా రంగు కలపలేదు మనం. అందుకే బ్లాక్ అండ్ వైట్ పేపరు మీద రంగులొస్తాయి. ఒక్కో కంపెనీ పేపరు ఒక్కో రకం, క్లోరైడ్ ఎక్కువున్న పాత వార్మ్‌టోన్ (గోధుమ ఛాయ వచ్చే) పేపర్లకి రంగు బాగా ఎక్కుతుంది అని నా అనుభవం. ఫాగ్ అయినా ఫర్వాలేదు, ఎందుకంటే ఫాగ్ బయటపడేది డెవలపర్‌లో, ఇక్కడ డెవలపర్ ఊసే లేదు. కాబట్టి డార్క్‌రూమ్ కూడా అక్కర్లేదు, కర్టెన్లు వేసుకుని మసక వెలుతుర్లో షీటు తీసి మిగతావి గట్టిగా మూసి పెట్టుకోండి చాలు.

అబ్‌స్ట్రాక్ట్ కావాలన్నారు కదా, ఆకులు లేకుండా నేను చేసినవి చెప్తాను. మంచుగడ్డ ముక్కలు పేపరు మీద పెట్టి ఎండలో వదిలేస్తే కరిగి పారిన దారంతా వేరే రంగు, ఎందుకంటే తడి ఎమల్షన్ ఎండకి వేరేలా స్పందిస్తుంది, పొడిగా ఉన్నచోట ఇటుక రంగైతే తడిచోట నీలం బూడిద మధ్యలో ఏదో వస్తుంది. వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ ర్యాప్ నలిపి తడి పేపరు మీద పరిచి పైన గాజు పెడితే ఆ మడతల మధ్య నీళ్లు చిక్కుకుని ఆకాశం నుంచి నది పాయలు చూసినట్టు వస్తుంది. సబ్బు నురగ వేసి నురగ ఆరేదాకా ఉంచితే బుడగల గూళ్లు. ఉప్పు చల్లితే చుక్కలు చుక్కలుగా. వెనిగర్ ఒక పక్క, వాషింగ్ సోడా నీళ్లు ఒక పక్క బ్రష్‌తో పూసి చూడండి, ఒకే షీటు మీద రెండు వేరే పేపర్లలా మారతాయి. ఇంకోటి నాకు చాలా ఇష్టం, ఏ వస్తువూ పెట్టకుండా పేపరునే అడ్డదిడ్డంగా మడిచి ఎండలో పెట్టి, గంట తర్వాత వేరేలా మడిచి మళ్లీ పెట్టడం. విప్పితే త్రికోణాలు ఒకదాని మీద ఒకటి, ఏది ఎంతసేపు ఎండలో ఉందో అంత ముదురు. ఫైబర్ పేపరైతేనే ఇది, ఆర్‌సీ మడిస్తే ప్లాస్టిక్ పొర పగిలి తెల్లగా చారలొస్తాయి, అది నచ్చితే అదీ ఓకే.

టైము అరగంట నుంచి రోజంతా. ఎంతసేపు అని అడగకండి, నాకూ తెలీదు, వెళ్లి చూసుకుంటూ ఉండటమే. మీరు చూసే రంగు ఫిక్స్ చేశాక ఉండదు కాబట్టి అనుకున్నదానికన్నా ముదురయ్యేదాకా ఉంచండి.

నా దరిద్రం ఒకటి చెప్తా, మీకు జరగకుండా. తడి పేపరు మీద గాజు బిగించి ఎండలో పెట్టి పనిలో పడి మర్చిపోయా, సాయంత్రం వెళ్లేసరికి ఎమల్షన్ మెత్తబడి గాజుకి అతుక్కుపోయింది. లాగితే బొమ్మ గాజు మీదకి వచ్చేసింది, చేతిలో వట్టి కాగితం మిగిలింది. ఆ గాజుని మాత్రం పారేయలేదు, గోడకి ఆనించి ఉంది. తడివి చేస్తే గాజుకీ పేపరుకీ మధ్య ఆ ప్లాస్టిక్ పొర తప్పకుండా వేయండి.

ఇక రంగు ఆపడం. అక్కడే గుండె రాయి చేసుకోవాలి. ఫిక్సర్‌లో వేయగానే ఆ ఊదా కళ్లముందే పసుపు గోధుమలోకి జారిపోతుంది. అందుకని నేను ముందు స్కాన్ చేస్తాను. ప్రివ్యూలు పదిసార్లు కొట్టకుండా ఒకే ఒక్క పాసు, ఎందుకంటే స్కానర్ లైటు కూడా లైటే. ఆటో కలర్ కరెక్షన్ ఆపేయండి, లేకపోతే సాఫ్ట్‌వేర్ ఆ ఊదాని చూసి ఏదో తప్పు జరిగిందనుకుని బూడిద చేసేస్తుంది. స్కాన్ అయ్యాక అసలు షీటుని ఫిక్స్ చేయకుండా నల్ల కవర్లో పెట్టి దాచేస్తాను. నా దృష్టిలో స్కానే బొమ్మ.


హైపోవాసన:

మేడం చెప్పినయి అన్నీ కరెక్టే, ఆ చివరి మాట ఒక్కటి ఒప్పుకోను. ఫిక్స్ చెయ్యని ప్రింటు ప్రింటే కాదు నా లెక్కల. ఎవరన్న ఇంటికొస్తే నల్ల కవరు చూపిస్తమా?

జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు సైంటిస్టు 1819లనే కనిపెట్టిండు హైపోకి, అంటే ఫిక్సర్‌ల వాడే ఉప్పుకి, వెండి ఉప్పుని కరిగించే గుణం ఉందని. తర్వాత 1839ల ఫోటోగ్రఫీ పుట్టంగనే పనికొచ్చింది. అంతకుముందు వెండి ఉప్పు మీద బొమ్మ తీసినోళ్ల బాధ కూడా ఇదే, బొమ్మ వస్తది, చూస్తుండంగనే నల్లగైతది, ఆపే దారి లేకుండె. మనకి దారి ఉండి కూడా కవర్ల దాచుడు ఏంది.

రంగు తక్కువ పోవాలంటే రాపిడ్ ఫిక్సర్ వాడకు. అండ్ల అమోనియం థయోసల్ఫేట్ ఉంటది, పైంగ యాసిడ్, ఆ సన్నటి వెండిని కొరికేస్తది. సాదా హైపో గడ్డలు, సోడియం థయోసల్ఫేట్, నీళ్లల్ల పల్చగ కలిపి వాడు. వెయ్యకముందు ప్రింటుని నీళ్లల్ల బాగ కడుగు. ఫిక్సర్‌ల ఐదు నిమిషాల పైన ఊరవెట్టకు. ఆర్‌సీ అయితే తర్వాత రెండు మూడు నిమిషాలు పారే నీళ్లల్ల కడిగితే సరిపోతది, ఫైబర్‌కి గంట పడతది, కాగితం లోపలికి హైపో ఇంకుతది గనుక. సరిగ కడగకపోతే ఐదారేండ్లకి పసుపు మచ్చలు, అప్పుడు నన్ను తిట్టుకోవద్దు.


ఎండలోగాజు:

సార్ నల్ల కవరు చూపించను, స్కాన్ నుంచి పెద్ద ప్రింటు తీసి గోడకి పెడతాను :) రెండూ వేరే వస్తువులు అనుకుంటాను నేను. మీ పల్చటి హైపో ట్రై చేస్తాను మాత్రం, నేను ఇన్నాళ్లూ రాపిడే వాడుతున్నా.

బంగారం టోనర్ గురించి కూడా చెప్పాల్సింది మర్చిపోయా. గోల్డ్ క్లోరైడ్ టోనర్‌లో ఫిక్సర్ కన్నా ముందు ముంచితే వెండి రేణువుల మీద బంగారం ఎక్కి రంగు నీలం ఊదా వైపు తిరుగుతుంది, ఫిక్సర్‌కి కూడా కాస్త తట్టుకుంటుంది, బొమ్మ ఎక్కువ కాలం ఉంటుంది. ఖరీదే. మసకకాగితం గారూ, మీకు ఊదా అంత ముఖ్యమైతే దగ్గర దారి ఇదే. అదే ఊదా రాదు, దాని అక్కలాంటిది వస్తుంది.


చుక్కగీత:

ల్యూమెన్ వాళ్లు అంతా చెప్పేశారు, నేను కెమిగ్రామ్ బ్యాచ్. బ్రో మీకు అబ్‌స్ట్రాక్టే కావాలంటే ఇదే సరైనది అని నా ఫీలింగ్, ఎందుకంటే ల్యూమెన్‌లో బొమ్మ సూర్యుడు వేస్తాడు మనం వెయిట్ చేస్తాం, ఇందులో చేతులు ఆపకుండా పని.

ఇది కనిపెట్టింది బెల్జియంకి చెందిన పియర్ కోర్డియే, 1956 నవంబర్ 10న. ఎరికా అనే అమ్మాయికి ఫోటో పేపరు మీద నెయిల్ పాలిష్‌తో ఏదో రాసి ఇద్దామనుకున్నాడట, దాన్ని కెమికల్స్‌లో ముంచితే రాత చుట్టూ వింత వింత గీతలు. ఆ అమ్మాయి సంగతి ఏమైందో గానీ ఆయన మాత్రం అప్పట్నుంచి 2024లో పోయేదాకా ఈ పనితోనే ఉండిపోయాడు.

సూత్రం ఏంటంటే, లైట్లోనే చేస్తాం కాబట్టి పేపరు మొత్తం ఎక్స్‌పోజ్ అయిపోయినట్టే. డెవలపర్ తగిలినచోట నలుపు, ఫిక్సర్ తగిలినచోట తెలుపు, ఏది ముందు తగిలితే అదే ఖాయం, తర్వాత రెండోది ఏం చేసినా మారదు. మధ్యలో పేపరు మీద ఏదన్నా పూత పెడతాం, నెయిల్ పాలిష్, యాక్రిలిక్ వార్నిష్, మైనం, టేపు, తేనె, చిక్కటి చక్కెర పాకం, ఏదైనా. పూత ఉన్నచోటికి కెమికల్ వెళ్లదు. కానీ పూత మెల్లగా అంచుల దగ్గర లేస్తుంది లేదా కరుగుతుంది, ముందు డెవలపర్‌లో ఉంటే బయటపడిన సన్నటి అంచు నల్లగా, కడిగి ఫిక్సర్‌లో వేస్తే ఇంకో పిసరు లేచి అక్కడ తెల్లగా, మళ్లీ డెవలపర్, మళ్లీ ఫిక్సర్, ఇలా తిప్పుతూ ఉంటే చెట్టు మొద్దు కోస్తే కనపడే వలయాల్లాగా నలుపు తెలుపు గీతలు ఒకదాని లోపల ఒకటి పుట్టుకొస్తాయి. చూస్తుంటే టైము తెలీదు.

తేనె, పాకం లాంటివైతే నిమిషాల్లో కరిగిపోతాయి, గీతలు మెత్తగా పొగలా ఉంటాయి. వార్నిష్ అయితే గంట పైన పడుతుంది, కానీ గీతలు కత్తిలా వస్తాయి, వార్నిష్ ఆరాక బ్లేడుతో గీరి గీతలు పెడితే వలయాలు అక్కడి నుంచి మొదలవుతాయి, అంటే డిజైన్ కొంత మన చేతిలో ఉంటుంది. ఫస్ట్ టైం చేసేవాళ్లు పాకంతో మొదలుపెట్టండి, వార్నిష్‌తో మొదలుపెడితే ఏమీ జరగట్లేదని విసుగొచ్చి పారేస్తారు, నేను పారేశా.

రంగులు కూడా వస్తాయి, డెవలపర్ సగం పని చేసినచోట ఫిక్సర్ కొద్దిగా కలిస్తే పసుపు, తుప్పు రంగు, ఒక్కోసారి లేత వంగపండు రంగు. అది ఎప్పుడొస్తుందో చెప్పలేం. పాత పేపర్లలో ఎక్కువ చూశా నేను.

ట్రేలు మూడు పెట్టుకోండి, డెవలపర్, నీళ్లు, ఫిక్సర్. మారిన ప్రతిసారీ మధ్యలో నీళ్లలో బాగా కడగాలి, లేకపోతే డెవలపర్‌లో ఫిక్సర్ చుక్కలు పడి అరగంటలో చచ్చిపోతుంది. ఎలాగూ చస్తుంది, లీటరు ఎక్కువ కలపకండి, అరలీటరు చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరో తెల్లబడటానికి ఇంట్లో వాడే బ్లీచ్ పోయమని చెప్తారు, యాసిడ్ ఉన్న ఫిక్సర్‌తోనో స్టాప్ బాత్‌తోనో (డెవలపర్ పనిని ఆపే యాసిడ్ నీళ్లు) అది కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసిన బాత్రూంలో అసలు చేయొద్దు. బ్లీచ్ జోలికే పోకండి.


మసకకాగితం:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, థాంక్స్ అందరికీ. హైపోవాసన గారూ మీరు నువ్వు అనండి సార్, పెదనాన్న తిట్టినట్టే ఉంది, బాగుంది.

మూడు పట్టీల టెస్టు చేశా. ఆర్‌సీ పేపరు దాదాపు తెల్లగానే ఉంది. ఫైబర్ మాత్రం రెండో పట్టీ చూసి డీలా పడిపోయా, లైటు అస్సలు తగలకుండా డెవలపర్‌లో పెడితేనే బాగా బూడిద రంగుకి వచ్చింది, పైగా సమానంగా లేదు, షీటు బయటి అంచు వైపు ముదురు, లోపలికి వచ్చేకొద్దీ లేత. మధ్యలో వేలిముద్ర లాంటిది ఒకటి కూడా. నేను పట్టీలని పక్కల నుంచే పట్టుకున్నా, గ్లౌజులతో. అంచుల దగ్గర ముదురంటే నేను డబ్బా తెరిచినందువల్లేనా?


పాతట్రే:

చాలారోజులుగా చదవడమే తప్ప రాయని మనిషిని, ఆ రెండో పట్టీ గురించి చదివాక ఆగలేకపోయాను.

అంచు ముదురు రెండు కారణాల వల్ల రావొచ్చండి. మీ ట్యూబ్‌లైటు వల్ల అయితే అది సన్నటి పదునైన గీతలా ఉంటుంది, కట్టలో పైన ఉన్న కొన్ని షీట్లకే ఉంటుంది. మీరు చెప్పినట్టు బయటి నుంచి లోపలికి మెల్లగా లేతబడుతూ పోయిందంటే అది వయసే. గాలీ తేమా కట్ట లోపలికి పక్కల నుంచే వెళ్తాయి కదా, అందుకని పాత పేపరు ఎప్పుడూ అంచుల నుంచి మొదలై మధ్యలోకి ముసలిదవుతుంది. కట్ట మధ్య నుంచి ఒక షీటు తీసి మళ్లీ టెస్టు చేయండి, తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు నా అసలు మాట. ఎండా వద్దు, వార్నిషూ వద్దు. చీకట్లో ఒక షీటు తీయండి, ఏమీ చేయకండి, డెవలప్ చేయండి, ఫిక్స్ చేయండి, చూడండి.

అమెరికాలో ఆలిసన్ రోసిటర్ అని ఒక ఆర్టిస్టు 2007 నుంచి చేస్తున్నది ఇదే. ఎక్స్‌పైర్ అయిన పేపర్లు ఏరి తెచ్చుకుంటుంది, 1890ల నాటివి కూడా ఉన్నాయి ఆవిడ దగ్గర. లైటు చూపించదు. కొన్నిటిని పూర్తిగా డెవలపర్‌లో ముంచేస్తుంది, కొన్నిటికి ఒక మూల మాత్రం ముంచుతుంది, కొన్నిటి మీద డెవలపర్ పోసి పారనిస్తుంది. వచ్చేవి కొండల్లాగానో సముద్రం మీద పొగమంచులాగానో ఉంటాయి, కొన్ని ఏమీ కాని నల్లటి దీర్ఘచతురస్రాలు. ఆ అంచుల ముదురు, ఎవరివో వేలిముద్రలు, బూజు తిన్న చుక్కలు అన్నీ అందులో పైకొస్తాయి. పేర్లు కూడా పెట్టదు, పేపరు కంపెనీ పేరు, ఎక్స్‌పైరీ సంవత్సరం, ఎప్పుడు ప్రాసెస్ చేసింది, అంతే టైటిల్.

హైపోవాసన గారు ఫాగ్‌ని అణచడానికి బెంజోట్రయజోల్ అన్నారు. ప్రింటు వేసేవాళ్లకి అదే కావాలి, కాదనను. కానీ ఈ డబ్బాకి ఆ ఫాగే దాదాపు నలభై ఏళ్ల ఎక్స్‌పోజరు, దాన్ని అణిచేసి పైన సబ్బు నురగ పోయడం నాకెందుకో ఇంట్లో పెద్దాయన మాట్లాడుతుంటే టీవీ సౌండు పెంచినట్టుంటుంది. నా పిచ్చి అనుకోండి.

ఆ వేలిముద్ర మీది కాదంటున్నారు. గ్లౌజులు వేసుకున్నారు. డబ్బా అంతకుముందు తెరిచినవాళ్లు ఎవరో మీకే తెలుసు.


చుక్కగీత:

అబ్బా. ఈ రిప్లై చదివాక నా పాకం గోల చిన్నపిల్లల ఆటలా అనిపిస్తోంది.

బ్రో, అలాగైతే ఫైబర్ డబ్బాని నా పద్ధతికి వాడకండి, నేనే చెప్తున్నా. ఎండకీ వార్నిష్‌కీ ఆ 1994 ఆర్‌సీ కవరు ఉంది కదా, ప్రయోగాలన్నీ దాని మీద చేసుకోండి.


హైపోవాసన:

ముద్ర చెమట చేతితోని పట్టుకుంటే పడ్తది. చెమటల ఉప్పు, నూనె ఎమల్షన్‌కి అంటి అట్లనే ఉండిపోతయి, ఎన్నేండ్లకైనా డెవలపర్‌ల పైకి తేల్తది. మేం మస్తు ప్రింట్లు అట్ల ఖరాబు చేసి ఓనర్‌తోని తిట్లు తిన్నం. దాన్ని ఎవరన్న అపురూపంగ చూస్తరని అప్పుడు తెల్వదు.

బెంజోట్రయజోల్ మాట వాపస్ తీస్కుంటున్న.

ఒకటి మాత్రం చెప్త. ఫాగ్‌తోనే బొమ్మ చెయ్యాలంటే డెవలపర్ కొత్తది, 20 డిగ్రీల దగ్గర, రెండు నిమిషాలు అని ఆపకు, మూడు నాలుగు దాంక చూడు, పాత పేపరు మెల్లగ లేస్తది. సేఫ్‌లైటు దూరం పెట్టు, ఎందుకంటే ఇండ్ల సేఫ్‌లైటు చేసిన ఫాగ్ కలిస్తే ఏది పాతదో ఏది నీదో తెల్వదు. వీలైతే మొత్తం చీకట్లనే చెయ్యి, గడియారం చూడకుండ సెకన్లు లెక్కవెట్టు, మేం అట్లనే నేర్సుకున్నం. ఇంకా, వాడిన ఫిక్సర్ మోరీల పొయ్యకు, అండ్ల వెండి ఉంటది, నీళ్లల్ల జీవాలకి విషం. ఒక డబ్బల పోసి స్టీలు ఊలు వేసి ఉంచితే ఇనుము కరిగి వెండి కిందికి దిగుతది, ఆ తర్వాత కూడా కెమికల్ వేస్టు తీసుకునేటోళ్లకే ఇయ్యి.


ఎండలోగాజు:

మసకకాగితం గారూ, ఏది చేసినా షీటు ముంచకముందే వెనక పెన్సిల్‌తో నంబరు వేసుకోండి, ఫైబర్‌కి మెత్తటి పెన్సిల్ బాగా పడుతుంది, ఆర్‌సీ వెనక ప్లాస్టిక్ కాబట్టి మార్కర్ వాడండి. కట్టలో పై నుంచి ఎన్నోదో కూడా రాయండి. తర్వాత చూసుకుంటే పై నుంచి కిందకి ఎలా మారిందో తెలుస్తుంది. నేను నంబర్లు వేయక ఇప్పుడు ఏ బొమ్మ ఏ పేపరుదో తెలీక తల పట్టుకుంటున్నా.


మసకకాగితం:

వారం తర్వాత వస్తున్నా, సారీ.

ఆర్‌సీ పేపరు మీద మొత్తం పదకొండు చేశా. మంచుగడ్డవి నాలుగు, ప్లాస్టిక్ ర్యాప్‌వి మూడు, పాకంతో కెమిగ్రాములు నాలుగు. మంచుగడ్డల్లో ఒకటి మాత్రం నిజంగా బాగొచ్చింది, నీలం బూడిద పాయ ఒకటి మూల నుంచి మూలకి, చుట్టూ తుప్పు రంగు. సగం కత్తిరించి ఒక ముక్క పల్చటి హైపోలో వేశా, ఒక ముక్క వేయలేదు. హైపోలో వేసింది గోధుమరంగులోకి వెళ్లింది గానీ మరీ ఏడవాల్సినంత కాదు, నీలం ఉన్నచోట బూడిద మిగిలింది. వేయని ముక్క నల్ల కవర్లో ఉంది. అంటే ఇద్దరి మాటా విన్నట్టే :) కెమిగ్రాములు మూడు బురదలా వచ్చాయి, నాలుగోదాంట్లో వలయాలు పడ్డాయి, డెవలపర్ అప్పటికే చచ్చిందనుకుంటా, ఆ పసుపు రంగు అందుకే వచ్చినట్టుంది.

ఫైబర్‌వి మూడే చేశా. మొత్తం చీకట్లో, సెకన్లు లెక్కపెట్టుకుంటూ, మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టుకుంటూ. పై నుంచి రెండో షీటుకి అంచున సన్నటి నల్లగీత ఉంది, అది నా ట్యూబ్‌లైటు పుణ్యం. మధ్య నుంచి తీసినవాటికి ఆ గీత లేదు, కానీ ముదురు అంచు అలాగే ఉంది, లోపలికి వచ్చేసరికి పొగలా లేతబడి మధ్యలో ఇంచుమించు తెల్లగా. తెల్లవారుజామున తలుపు సందులోంచి వెలుతురు వస్తే ఎలా ఉంటుందో అలా. వేలిముద్ర వీటికి లేదు, ఆ టెస్టు పట్టీకి ఒక్కదానికే ఉంది. అదృష్టమో దురదృష్టమో ఆ షీటుని మూడు పట్టీలుగా కత్తిరించేశా కదా, ముద్ర సగమే ఉంది. ఆ సగాన్నే గంటసేపు కడిగి ఆరబెట్టా. వెనక పెన్సిల్‌తో ఎక్స్‌పైరీ 1987 అని, ప్రాసెస్ చేసిన తేదీ రాశా.

ఈ డబ్బా ఇప్పట్లో ఖర్చు చేయను, నెలకొకటి తీస్తానేమో. చీకట్లోనే వేళ్లతో లెక్కపెట్టా, గ్లౌజులు తీయకుండా, ఇంకా 61 ఉన్నాయి.